మా ఇంట్లోకి నీళ్ళొచ్చాయండీ!

*గడపలో తుపాను ఉన్నా ఆఫీసుకు మాత్రం ‘అంతా బాగానే ఉంది’ అని చెప్పే అలవాటు మనలో చాలామందికి ఉంది. 2024 నవంబరు 30 రాత్రి పుదుచ్చేరిలోని నెల్లితోపులో, నీళ్ళలో నిలబడి నెలాఖరు లెక్కలు ముగించిన ఓ ఉద్యోగిని అనుభవం ఇది. ఆ రాత్రి తనకు నేర్పినవాటిని ఆమె మాటల్లోనే చదవండి.*

నీళ్ళు వీధి గుమ్మంలోంచి రాలేదు. గుమ్మానికి అడ్డంగా ఇసుక నింపిన గోనెసంచులు పేర్చి, సందుల్లో పాత దుప్పటి కుక్కి, ఇంక భయం లేదులే అనుకుని నడుం నిలబెట్టాను. అవి స్నానాలగదిలోంచి వచ్చాయి. నీళ్ళు బయటికి పోవాల్సిన తూములోంచే బుడబుడమని పొంగి, వీధి కాలువ వాసనతో, నల్లగా వంటింటి గచ్చు మీదికి పాకాయి.

మా వీధిలో అప్పటికే కరెంటు లేదు. అత్తయ్య మంచం మీద కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుంది. ఎనిమిదేళ్ళ మా అబ్బాయి రెండు చేతులతో టార్చి పట్టుకున్నాడు. శుక్రవారం రాత్రి బయల్దేరాల్సిన మా ఆయన చెన్నైలోనే చిక్కుకుపోయాడు. బియ్యం డబ్బా ఎత్తి గట్టు మీద పెడుతుంటే ఫోను మోగింది. ఆఫీసు నుంచి.

‘‘జీతాల పట్టిక ఎంతవరకు వచ్చిందమ్మా?’’

‘‘అయిపోవచ్చిందండీ. గంటలో పంపించేస్తాను.’’

ఆ మాట అంటున్నప్పుడు నా పాదాలు నీళ్ళలో ఉన్నాయి. ‘మా ఇంట్లోకి నీళ్ళొచ్చాయండీ’... మూడే మాటలు. గొంతు దాకా వచ్చి ఆగిపోయాయి. ఎందుకు ఆగిపోయాయో తెలుసుకోవడానికి నాకు కొన్ని నెలలు పట్టింది.

ఉసిరితోపులో యానాం ఆడపడుచు

నాది యానాం. గోదావరి ఒడ్డున, కాకినాడకు దగ్గర్లో ఉన్న తెలుగు ఊరు. పాలన మాత్రం ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న పుదుచ్చేరి నుంచి సాగుతుంది. చదువు కోసమో, ఉద్యోగం కోసమో, ఏదో ఒక ప్రభుత్వ కాగితం కోసమో మా వాళ్ళు ఇక్కడికి రావడం తరాలుగా ఉన్నదే. నేను ఉద్యోగానికి వచ్చి, పెళ్ళయ్యాక నెల్లితోపులో స్థిరపడ్డాను. తమిళంలో ‘నెల్లి’ అంటే ఉసిరి. తోపు మనకూ తోపే. ఒకప్పుడు ఉసిరిచెట్లు ఉండేవేమో, ఇప్పుడు ఇళ్ళ మీద ఇళ్ళు. కొత్త బస్టాండు దగ్గర. అద్దె మాకు అందుబాటులో ఉందని కింది వాటా తీసుకున్నాం. పైవాటాలో ఇంటావిడ ఉంటుంది. వీధంతా ఆమెను ‘పాట్టీ’ (బామ్మా) అంటుంది. నేనూ అంతే.

తుపాను నాకు కొత్తకాదు. మా ఊరి పక్కనే కోరంగి ఉంది. 1789లోనూ 1839లోనూ ఉప్పెనలు ఆ రేవును ముంచెత్తాయి. బంగాళాఖాతపు గాలివానల వివరాలు కలకత్తాలో కూర్చుని కూడబెట్టిన హెన్రీ పిడింగ్టన్ 1848లో ‘సైక్లోన్’ అన్న మాటను పుట్టించాడు. ఆయన లెక్కల్లో మా కోరంగి కూడా ఉంది. 1996 నవంబరు 6 రాత్రి తుపాను మా తీరాన్ని తాకినప్పుడు కోనసీమలో కొబ్బరిచెట్లు వరసలు వరసలుగా ఒరిగిపోయాయి. వెయ్యిమందికి పైగా చనిపోయారు. ‘‘ఆ రాత్రి తలుపుకి రోకలి అడ్డంపెట్టి మీ నాన్నా నేనూ తెల్లారిందాకా ఆనుకుని నిలబడ్డాం’’ అని అమ్మ ఇప్పటికీ చెబుతుంది.

అమ్మకు ఆ రాత్రి తలుపు ఒక్కటే కాయాల్సిన పని. నాకు తలుపుతోపాటు ల్యాప్‌టాప్ కూడా ఉంది. మా రెండు తరాలకీ ఉన్న తేడా అదే.

కదలనని మొండికేసిన తుపాను

ఫెంగల్ తుపానును మొదట ఎవరూ పెద్దగా లెక్కచేయలేదు. అసలు తుపానుగా మారుతుందా మారదా అన్నదే రెండు మూడు రోజులు తేలలేదు. నవంబరు 29 మధ్యాహ్నం మారింది. 30 రాత్రి పదిన్నర, పదకొండున్నర మధ్య పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. గాలి వేగం గంటకు 70, 80 కిలోమీటర్లు. మధ్యమధ్య 90. 2011 డిసెంబరు 30 తెల్లవారుజామున ఇదే తీరాన్ని కొట్టిన థానే తుపానుది 140 దాకా పోయిన గాలి. దాన్ని చూసిన పాట్టి మెట్ల మీద నిలబడి, ‘‘ఇదీ ఒక గాలేనా, పొద్దున్నకి పోతుంది’’ అంది.

పోలేదు. తీరం దాటిన తుపాను సాధారణంగా లోపలికి సాగి చల్లబడుతుంది. ఇది పుదుచ్చేరి మీదే దాదాపు కదలకుండా గంటలకొద్దీ నిలబడిపోయింది. గాలి తక్కువ, నిలకడ ఎక్కువ. సముద్రం మీది తేమను తోడి తోడి ఒకేచోట కుమ్మరించింది. డిసెంబరు 1 ఉదయానికి ఇరవైనాలుగు గంటల్లో పడిన వాన 46 సెంటీమీటర్లు. ఏడాది పొడుగునా ఈ ఊళ్ళో కురిసేదే సుమారు 130 సెంటీమీటర్లు. అంటే ఏడాది వానలో మూడోవంతుకు మించి ఒక్క రోజులో పడింది.

అంత నీళ్ళు ఎటు పోవాలి? ఈ ఊరి వాననీళ్ళు కాలువల్లోంచి పెద్ద కాలువ ఉప్పనారులోకి, అక్కణ్నుంచి సముద్రంలోకి పోవాలి. తుపాను వేళ సముద్రమే ఉబ్బి ఉంటుంది, కాలువ నీళ్ళను తీసుకోదు. నిండిన కాలువ వీధి తూముల్లోకి, వీధి తూము ఇంటి తూములోకి ఎగదన్నుతుంది. నా వంటింట్లోకి వచ్చిన నీళ్ళు అలా వచ్చినవే. ఈ ఊళ్ళోనే కృష్ణానగర్‌లో కొన్ని చోట్ల అయిదడుగుల దాకా నిలిచాయి. మర్నాడు పొద్దున్నే సైనికులు పడవలతో దిగి జనాన్ని బయటికి తెచ్చారు. మా వీధిలో మోకాటి దాకా ఆగాయి. మేం అదృష్టవంతులమే.

బీరువా మీద ల్యాప్‌టాప్

నేను ఒక ప్రైవేటు సంస్థ లెక్కల విభాగంలో పనిచేస్తాను. లెక్కల మనుషులకు నెలాఖరు అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. జీతాలు, బిల్లులు, బాకీలు అన్నీ ఆ రెండు రోజుల్లోనే. తుపాను సరిగ్గా 30వ తేదీనే వచ్చింది. ‘శనివారం ఎవరూ ఆఫీసుకు రావద్దు, ఇంటి నుంచే చేయండి’ అన్నారు. ఆ మాట చాలా దయగా అనిపించింది. తమిళనాడు ప్రభుత్వం కూడా ఐటీ సంస్థలకు ఆ రోజు అదే సూచించింది.

రాత్రయ్యేసరికి తెలిసొచ్చింది. ఇంటి నుంచి పని అంటే ముందు ఇల్లు ఇల్లులా ఉండాలి. తుపాను వేళ ఊళ్ళో అన్నిటికంటే కష్టంలో ఉన్న చోటు ఇల్లే. ఆఫీసును తెచ్చి సరిగ్గా అక్కడ పెట్టుకున్నాం. దారిలో ప్రమాదం తప్పింది, నిజమే. పని మాత్రం తప్పలేదు.

ఫ్రిజ్‌లో అత్తయ్య ఇన్సులిన్ ఉంది. ఫ్రిజ్ కింద నీళ్ళున్నాయి. అటక మీది మట్టికుండ దించి, నీళ్ళు పోసి, ఇన్సులిన్ సీసాను ప్లాస్టిక్ డబ్బాలో మూతపెట్టి అందులో ఉంచాను. వాడుతున్న సీసా బయట కొన్ని వారాలు ఉన్నా పాడవదని డాక్టరు చెప్పింది మర్నాడు గుర్తొచ్చింది. ఆ రాత్రి మాత్రం ఆ కుండే నా ప్రాణం. కింది అరల్లోని పుస్తకాలు, బడి సంచి, పట్టుచీరలు, గ్యాస్ బండ, మిక్సీ అన్నీ మంచాల మీదికి చేరాయి. ల్యాప్‌టాప్ బీరువా మీదికి. స్టూలు ఎక్కి, తల పైకప్పుకు తగలకుండా వంచి, ఫోను నెట్‌తో జీతాల పట్టిక సరిచూశాను. ఇరవై నిమిషాలకోసారి సిగ్నల్ పోయేది. వచ్చినప్పుడల్లా మెసేజీలు కుప్పగా పడేవి.

పదకొండు దాటాక ఇంక ఉండబట్టలేక రాశాను. ‘ఇక్కడ కొంచెం నీళ్ళు వచ్చాయి, కాస్త ఆలస్యమవుతుంది.’ కొంచెం అని రాశాను. కాస్త అని రాశాను. జవాబు వచ్చింది. ‘ఫోటో ఉంటే పంపండి, పైవాళ్ళకు చూపించాలి.’

అబ్బాయి టార్చి వేశాడు. నేను ఫోటో తీశాను. నీళ్ళలో తేలుతున్న వాడి చెప్పు, మంచం కోడు, నా చీర కుచ్చిళ్ళు అందులో పడ్డాయి. పంపలేదు. ఎందుకో అది ఫోటో పంపినట్టు అనిపించలేదు, ఇల్లు విప్పి చూపించినట్టు అనిపించింది. పన్నెండున్నరకు పట్టిక పంపేశాను. ‘థాంక్స్’ అని వచ్చింది. స్టూలు దిగి, చీకట్లో, నీళ్ళలో నిలబడే ఏడ్చాను. అబ్బాయి వినకుండా.

వీధి ఏ సాక్ష్యమూ అడగలేదు

తలుపు చప్పుడైంది. పాట్టి. డెబ్బై దాటిన మనిషి, గొడుగు తలమీద, చీర మోకాళ్ళ పైకి దోపుకుని. ‘‘పెద్దావిణ్ని పైకి తీసుకురా. పిల్లాణ్ని నేను ఎత్తుకుంటా’’ అంది తమిళంలో. ఎంత లోతు, ఎప్పటినుంచి, ఏమైనా పాడైందా... ఏమీ అడగలేదు. నా మొహం కూడా చూడలేదు. అత్తయ్య చెయ్యి పట్టుకుని మెట్లెక్కించింది.

పైన ఆమె రెండు గదుల్లో ఆ రాత్రి తొమ్మిదిమందిమి పడుకున్నాం. ఎదురింటి టైలరన్న కుటుంబం కూడా అక్కడే. తెల్లారేసరికి ఎవరూ చెప్పకుండానే పనులు పంచుకున్నాం. టైలరన్న కర్రతో దారి తడుముకుంటూ పాలపొడి, రొట్టె తెచ్చాడు. ఆయన భార్య గ్యాస్ స్టవ్ మీద అందరికీ గంజి కాచింది. మూలింటి కుర్రాడి దగ్గర కారు ఉంది. కారు బ్యాటరీతో ఫోన్లు వంతులవారీగా ఛార్జింగ్ పెట్టాడు. ఒక్కొక్కరికి అరగంట. నా వంతు వచ్చినప్పుడు, ‘‘అక్కా, మీకు ఆఫీసు పని ఉందిగా, గంట పెట్టుకోండి’’ అన్నాడు. ఆ మాటకు నా కళ్ళు మళ్ళీ నిండాయి.

ఆ పొద్దున మా వీధిలో ఎవరూ ఎవరికీ ఫోటో చూపించలేదు. నీళ్ళు అందరి కళ్ళ ముందే ఉన్నాయి, అది నిజమే. అంతకుమించి ఇంకోటి కూడా ఉంది. వీధిలో కష్టం చెప్పుకోవడం తప్పు కాదు. ‘మాకు బియ్యం తడిసిపోయాయి’ అని ఒకామె అంటే ఇంకొకామె చాటతో బియ్యం పోసింది, అంతే. ఆఫీసులో అదే మాట అంటే పని ఎగ్గొట్టడానికి అంటున్నామనుకుంటారేమో అని భయం. ఇంటి సంగతి బయటపెడితే చేతకానివాళ్ళమని తేలిపోతుందేమో అని భయం. ఆడవాళ్ళకు అది రెండింతలు. ‘ఇల్లూ వాకిలీ ఉన్నవాళ్ళతో ఇంతే’ అన్న మాట ఒక్కసారి విన్నవాళ్ళెవరూ ఇంటి కష్టాన్ని మళ్ళీ ఆఫీసులో ఎత్తరు.

నీళ్ళు తీశాక అసలు పని

నీళ్ళు రెండో రోజుకు తీశాయి. బురద మిగిలింది. తుపాను వార్తలు అక్కడితో ఆగిపోతాయి, ఇంటి ఆడదానికి అక్కడ మొదలవుతుంది. గచ్చు మీద వేలు మందాన ఒండ్రు. గోడలకు మోకాటి ఎత్తున చార. దూది పరుపు నీళ్ళు తాగి ఇద్దరు పట్టినా లేవలేదు. సంపులో వీధి నీళ్ళు కలిశాయి. మొత్తం తోడి, గోడలు రుద్ది, బ్లీచింగు వేసి కడిగించేదాకా తాగడానికి క్యాన్ నీళ్ళే. మోటారు కాలిపోయింది. ఎండలో ఆరేసిన స్కూలు పుస్తకాలు అప్పడాల్లా వంకర్లు పోయాయి. ముఖ్యమంత్రి రంగస్వామి రేషన్‌కార్డు ఒక్కింటికి 5 వేల రూపాయల సాయం ప్రకటించారు. ఎంతోమందికి అది ఆసరా. నేను మాత్రం సోమవారం పొద్దున తొమ్మిదింటికి ఆఫీసులో ఉన్నాను.

ఆ వారం రోజులూ నేను నాలుగున్నరకు లేచి బురద కడిగి, తొమ్మిదింటికి లెక్కల ముందు కూర్చుని, ఏడింటికి వచ్చి మళ్ళీ కడిగాను. వాన లేని రోజుల్లో కూడా మనదేశంలో లెక్క ఇలాగే ఉంది. 2024లో కేంద్ర గణాంక శాఖ జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకు సగటున 289 నిమిషాలు దానికే పెడుతున్నారు. ఇంటిపనిలో చెయ్యి వేసే మగవాళ్ళు పెడుతున్నది 88 నిమిషాలు. తుపాను ఆ 289ని ఎంతకు పెంచుతుందో ఏ సర్వేనూ అడగనక్కర్లేదు. నా నడుం చెబుతుంది. మా ఆయన మంగళవారం వచ్చి మోటారు విప్పించాడు, పరుపులు మోశాడు, అబ్బాయికి అన్నం పెట్టాడు. అతను వచ్చిన రోజు నుంచే నాకు నిద్ర పట్టింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఒక అధ్యయనం ప్రచురించాయి. వారానికి 35–40 గంటలు పనిచేసేవాళ్ళతో పోలిస్తే 55 గంటలు, అంతకుమించి చేసేవాళ్ళకు పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువ. గుండెకు రక్తం అందక చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. ఆ గంటల్లో బురద కడిగిన గంటలు లేవు. ఉద్యోగపు గంటలు మాత్రమే ఉన్నాయి.

ఈ ఊరి తొలి ఆఫీసు డైరీ

డిసెంబరు నెలంతా ఊరికే చిరాకుపడేదాన్ని. అబ్బాయి పెన్సిలు కింద పడేసినా అరిచేదాన్ని. ఆఫీసులో ఎవరైనా ‘ఎలా ఉన్నారు’ అంటే ‘బాగున్నానండీ’ అని నవ్వేదాన్ని. అప్పుడు నాకు తోవ చూపించింది ఈ ఊరి మనిషే.

ఆనందరంగ పిళ్ళై పేరు తెలుగు ఛందస్సు చదివినవాళ్ళకు తెలిసే ఉంటుంది. కస్తూరి రంగకవి ‘ఆనందరంగరాట్ఛందము’ అంకితమిచ్చింది ఆయనకే. పుదుచ్చేరిలో ఫ్రెంచి గవర్నరు డూప్లే దగ్గర దుబాసీగా పనిచేసిన ఆయన 1736 నుంచి పాతికేళ్ళపాటు తమిళంలో దినచర్య రాశాడు. ఓడల రాకపోకలు, సరుకుల ధరలు అందులో ఉన్నాయి. వాటి పక్కనే గవర్నరు ఏ మాటకు ఎలా మొహం పెట్టాడో, తన పదవి కోసం ఎవరెవరు పైరవీలు చేస్తున్నారో, గవర్నరు భార్య ఎందులో తలదూర్చిందో కూడా ఉన్నాయి. కొలువులో నోరు తెరిచి అనలేనివన్నీ ఇంటికొచ్చి కాగితం మీద పెట్టాడు. 1761 జనవరి 1న తుపాను ఇదే తీరంలో, పుదుచ్చేరిని ముట్టడించిన ఇంగ్లీషు ఓడల్ని పగలగొట్టింది. అదే నెలలో ఊరు ఇంగ్లీషువాళ్ళ చేతికి పోయింది. అదే నెలలో ఆయనా కన్నుమూశాడు.

ఆయన్ని చూసి నేనూ ఒక రెండు వందల పేజీల నోటుపుస్తకం కొన్నాను. పేజీకి మధ్యలో గీత. ఎడమ వైపు ‘జరిగింది’, కుడి వైపు ‘చెప్పింది’. ‘అత్తయ్యకు జ్వరం, రాత్రి నిద్ర లేదు’ ఎడమ వైపు. ‘ట్రాఫిక్ వల్ల ఆలస్యమైందండీ’ కుడి వైపు. రెండు నెలలు నిండేసరికి పుస్తకం నా ఎదుట నిజం పెట్టింది. నన్ను అలసిపోయేలా చేస్తున్నది పని ఒక్కటే కాదు. ఎడమ వైపు ఉన్నదాన్ని కుడి వైపు కనిపించకుండా కాపలా కాయడం. తుపాను రాత్రి నా గొంతులో మాట ఆపింది ఆ కాపలాయే. ఎవరో ‘చెప్పొద్దు’ అన్నందుకు ఆగలేదు. చెప్పకుండా ఉండటమే మంచి ఉద్యోగి లక్షణమని నేనే నమ్మినందుకు ఆగింది.

నేనొక్కదాన్నే కాదు. ఆ రాత్రి ఫోటో అడిగిన మా పై అధికారితో ఒకరోజు టీ తాగుతుంటే తుపాను మాట వచ్చింది. ఆయనది చెన్నై. ఆ రాత్రి వాళ్ళ అపార్టుమెంటు సెల్లార్ నిండిపోయి, లిఫ్టు ఆగిపోయి, మంచాన ఉన్న తండ్రితో నాలుగో అంతస్తులో చీకట్లో కూర్చున్నాడట. ‘‘మరి పైవాళ్ళతో అనలేదా?’’ అన్నాను. తల అడ్డంగా ఊపాడు. నేను ఆయన దగ్గర దాచాను, ఆయన ఇంకొకరి దగ్గర దాచాడు. మెట్టు మెట్టుకీ ‘అంతా బాగానే ఉంది’ అన్న అబద్ధం ఎక్కుతూ పోయి, అందరికంటే పైనున్నవాళ్ళకు తుపాను వచ్చిన సంగతే తెలియలేదు.

72, 48, 24, 12

తుపాను వస్తుంటే వాతావరణ శాఖ నాలుగు మెట్లలో చెబుతుంది. 72 గంటల ముందు మొదటి కబురు. 48 గంటల ముందు అప్రమత్తం చేసే కబురు. 24 గంటల ముందు హెచ్చరిక. 12 గంటల ముందు తీరం దాటాక ఎలా ఉంటుందన్న అంచనా. పడవలవాళ్ళు ఆ మెట్ల ప్రకారం వలలు చుట్టుకుంటారు, రేవులో పడవలు కట్టుకుంటారు. మరి ఆఫీసులు ఎందుకు చుట్టుకోకూడదు?

72 గంటలప్పుడు ఎవరిల్లు పల్లంలో ఉంది, ఎవరింట్లో మంచాన ఉన్న పెద్దవాళ్ళున్నారు, ఎవరింట్లో చంటిబిడ్డ ఉంది అని అడిగి ఒక చిన్న జాబితా రాసుకోవచ్చు. 48 గంటలప్పుడు ఆగని పనులు, అంటే జీతాలు, గడువు దాటకూడని చెల్లింపులు ముందుకు జరిపి ముగించవచ్చు. మిగిలినవి పొడి నేల మీద ఉన్నవాళ్ళకు అప్పగించవచ్చు. 24 గంటలప్పుడు తుపాను దారిలో ఉన్నవాళ్ళకు పని ఆపించవచ్చు. ఇంటి నుంచి పని కూడా. చివరి 12 గంటల్లో ఫోను ఒక్క పనికే. ‘అందరూ క్షేమమేనా?’ అని అడగడానికి. నీళ్ళు తీశాక రెండు రోజులు శుభ్రానికి సెలవు. దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. ముందుగా అడగాలి, చెప్పినదాన్ని నమ్మాలి.

ఈ ఊరిని 1954 దాకా ఏలిన ఫ్రాన్సులో 2017 జనవరి 1 నుంచి ఒక చట్టం అమల్లో ఉంది. 50 మంది, అంతకు పైగా ఉద్యోగులున్న సంస్థలు, పనివేళలు దాటాక ఫోనుకూ మెయిలుకూ దూరంగా ఉండే హక్కు గురించి ఉద్యోగులతో చర్చించి నియమాలు పెట్టుకోవాలి. ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు 26 నుంచి అలాంటి హక్కు వచ్చింది. మన పార్లమెంటులో ఎంపీ సుప్రియా సూలే ప్రైవేటు బిల్లు పెట్టారు గానీ అది చట్టం కాలేదు. చట్టం వచ్చేదాకా మనకున్నది మన నోరే. దాన్ని వాడుకోవాలి.

నీళ్ళు గడప తొక్కకముందే...

* స్నానాలగది, వంటింటి తూములను ముందే మూయండి. తడిగుడ్డ ముద్ద కుక్కి, పైన ఇసుక మూట పెట్టండి. గుమ్మం కంటే ముందు నీళ్ళు అక్కణ్నుంచే వస్తాయి.
* మెయిన్ స్విచ్ ఎక్కడుందో ఇంట్లో పిల్లలతో సహా అందరికీ చూపించండి. నీళ్ళు లోపలికి రాకముందే ఆపేయండి. నీళ్ళలో నిలబడి ముట్టుకోవద్దు. నీళ్ళు తీశాక ఎలక్ట్రీషియన్ చూసేదాకా వేయొద్దు.
* ఇన్వర్టర్ బ్యాటరీని నేల మీద ఉంచకండి.
* కరెంటు పోయాక ఫ్రిజ్ తలుపు తెరవకపోతే లోపలివి సుమారు నాలుగు గంటలు బాగుంటాయి. పాలు, వండినవి ముందు వాడేయండి.
* ఇన్సులిన్ వాడుతున్నవాళ్ళు, బయట ఎన్నాళ్ళు ఉంచవచ్చో డాక్టర్ని వానాకాలానికి ముందే అడిగి రాసి పెట్టుకోండి. ఐసుకు నేరుగా తగలనివ్వద్దు. గడ్డకడితే పనికిరాదు.
* నీళ్ళలో మునిగిన బండినీ కారునూ స్టార్ట్ చేయొద్దు. ఇంజిన్‌లోకి నీళ్ళు లాక్కుంటే నష్టం పెద్దది. బీమా కూడా ఇబ్బందుల్లో పడుతుంది. మెకానిక్ దగ్గరికి లాక్కెళ్ళండి.
* ఇంటికి బీమా ఉంటుందని చాలామందికి తెలియదు. 2021 ఏప్రిల్ నుంచి సాధారణ బీమా సంస్థలన్నీ అమ్ముతున్న ‘భారత్ గృహ రక్ష’ పాలసీకి తుపాను, వరద నష్టాలు వర్తిస్తాయి. అద్దెకున్నవాళ్ళు సామాన్లకు తీసుకోవచ్చు. శుభ్రం చేయడానికి ముందు ఫోటోలు తీసి ఉంచండి.
* కాగితాలు జిప్ సంచుల్లో పెట్టి అటక మీద ఉంచండి. నకళ్ళు డిజిలాకర్‌లో దాచండి.
* అత్యవసరానికి 112, విపత్తు కంట్రోల్ రూములకు 1070, 1077. మనసు బాగోలేకపోతే, నిద్ర పట్టకపోతే టెలిమానస్ 14416. ఉచితం. తెలుగులో మాట్లాడతారు.

ఈసారి ముందే...

2025 నవంబరు ఆఖర్లో మళ్ళీ అదే కబురు. శ్రీలంకలో వందల ప్రాణాలు తీసిన దిత్వా తుపాను మా తీరం వైపు వస్తోందన్నారు. మళ్ళీ నెలాఖరు. పాట్టి అప్పటికే మెట్ల కింది సామాను పైకి చేరవేయిస్తోంది. 27వ తేదీ సాయంత్రం నేను మా విభాగం గ్రూపులో రాశాను.

‘మా ఇల్లు పల్లంలో ఉంది. కిందటేడు మోకాటి దాకా నీళ్ళొచ్చాయి. ఆ రాత్రి చెప్పలేదు. జీతాల పట్టిక రేపు సాయంత్రానికి పూర్తిచేసి ఇస్తాను. 29, 30 తేదీల్లో నేను ఇంటి దగ్గరే, ఇంటి పనిలోనే ఉంటాను.’

పంపాక చేతులు చల్లబడ్డాయి. ఫోను బోర్లా పెట్టి, అత్తయ్యకు ఇన్సులిన్ ఇచ్చి వచ్చాను. తీసి చూస్తే మా పై అధికారి జవాబు. ‘సరేనమ్మా. జాగ్రత్త.’ దాని కింద ఇంకొకటి. ఆరేళ్ళుగా నా పక్క సీట్లో కూర్చునే అమ్మాయి రాసింది.

‘మాదీ పల్లమే అక్కా. కిందటేడు మాకూ వచ్చాయి.’

ఆ కింద ఇంకొకరు. ఆ కింద మరొకరు.

దిత్వా మా తీరానికి చేరేసరికి బలహీనపడింది. ఈసారి నీళ్ళు మా గడప దాకా రాలేదు. పేర్చిన ఇసుక మూటలు పొడిగానే ఉన్నాయి. వాటిని అబ్బాయీ నేనూ మోసుకెళ్ళి పాట్టి మెట్ల కింద దాచాం. వచ్చే ఏటికి.